సగం గీసిన గడ్డం

బాబాయి చివరగా చేసిన పని నా చెవుల వెనక జుట్టు సరిచెయ్యడం. "ఇప్పుడు కాస్త మనిషిలా ఉన్నావురా" అంటూ దువ్వెనతో నెత్తిమీద ఒక్కటిచ్చి, నేను లేచిన కుర్చీలోనే తాను కూలబడ్డాడు. "కాస్త కునుకు తీస్తా. ఎవరైనా వస్తే లేపు." ఒకాయన వచ్చాడు. లేపాను. లేవలేదు.

బాబాయి ఒట్టి వాగుడుకాయ. కత్తెర ఆడినంతసేపూ నోరూ ఆడాల్సిందే. వరద వచ్చిన ఏడాది క్షౌరం పెట్టె పట్టుకుని, బడిలో తెరిచిన సహాయ శిబిరానికి వెళ్లాడు. అక్కడొక లారీ డ్రైవరు గోడవైపు తిరిగి పడుకునే ఉండేవాడు. అతని భార్య వరదలో కొట్టుకుపోయింది. అన్నం ముట్టడు, నోరు విప్పడు.

"నిన్న డాబా అంచుకెళ్లి నిలబడ్డాడు. ఒంటరిగా వదల్లేకపోతున్నాం. గడ్డానికైనా లేస్తాడేమో చూడండన్నా" అంది, అక్కడివాళ్ల మనసు బాగోగులు చూసే నర్సు.

బాబాయి అతన్ని లేపి బెంచీ మీద కూర్చోబెట్టాడు. మెడకు గుడ్డ కడుతూ, వచ్చిన ప్రతివాణ్నీ అడిగే మాట అలవాటుకొద్దీ అనేశాడు.

"ఏం బావా, ఇంట్లో అందరూ కులాసానా?"

అని, నాలిక కరుచుకున్నాడు. నర్సు మొహం పాలిపోయింది. బాబాయి తలవంచుకుని నురుగు పూశాడు. ఒక చెంప గీయడం పూర్తయ్యింది.

"ఇంట్లో ఎవరూ లేరన్నా" అన్నాడు డ్రైవరు. "చెయ్యి గట్టిగానే పట్టుకున్నా. జారిపోయింది."

ఇక ఆగలేదు. ఆ చెయ్యి గురించే చెప్పాడు, మళ్లీ మళ్లీ. బాబాయి కత్తి మడిచి పక్కన కూర్చున్నాడు. రెండో చెంప మీద నురుగు ఆరిపోయింది. నోరెత్తకుండా బాబాయి అంతసేపు ఉండటం ఎవరూ ఎరగరు.

చివరికి డ్రైవరే కళ్లు తుడుచుకున్నాడు. "ఈ పక్క గీయవా?"

"రేపు."

"ఇలా వదిలేస్తే నలుగురూ నవ్వరా?"

"నవ్వనీ. రేపు పొద్దున్నే వస్తా. అందాకా ఉండు, బావా."

మర్నాడు బాబాయి వెళ్లేసరికి అతను బెంచీ మీద కూర్చుని ఉన్నాడు.

తరవాత అతను మా వీధిలోనే ఓ మేడగది అద్దెకు తీసుకున్నాడు. వాన పడితే చాలు, బాబాయి చాప చంకన పెట్టుకుని అక్కడికి పోయేవాడు. "పాపం, వాడికి వానంటే హడల్రా" అనేవాడు.

బాబాయి పోయాక ఆ మాటే డ్రైవరుతో అన్నాను.

"నాకా భయం ఎప్పుడో పోయింది బాబూ. కింద మీ ఇంట్లో పడుకుంటే మళ్లీ నీళ్లొస్తాయని ఆయనకే కన్నంటుకునేది కాదు. నిద్రపట్టేదాకా పక్కన నేనే కూర్చునేవాణ్ని."