అవ్వ మూర

బాన్సువాడ బస్టాండ్ బయట పూలమ్మేవాళ్లు చాలామందే ఉన్నా, ఆడవాళ్లు నిలబడి ఎదురుచూసేది మాత్రం మా అవ్వ కోసమే. అవ్వ అంటే మా అమ్మ. పూలు మూరల లెక్కన అమ్ముతారు కదా, ఆ మూరకు కొలత అమ్మే మనిషి చెయ్యే. మోచేతి నుంచి నడివేలి కొస దాకా. మా అవ్వ చెయ్యి పొడుగు, వేళ్లు మరీ పొడుగు. పక్కన గంప పెట్టుకున్నామె ఆ చేతిని చూసి పళ్లు కొరికేది. "గా చెయ్యి నీకు దేవుడిచ్చిన దుకాణం" అని ఎవరో అన్న మాటను అవ్వ ఎన్నాళ్లో చెప్పుకుని మురిసింది.

నాకు నాన్న పోలిక వచ్చింది. పొట్టి చేతులు. అవ్వకు బదులు నేను కూర్చున్న రోజు బేరాలు పక్క గంపకు పోయేవి, నాకు ఒళ్లు మండేది. అవ్వ చెయ్యి మా అన్నకు వచ్చింది. తర్వాత అన్న కూతురికి వచ్చింది.

మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. పిల్లల పుట్టినరోజున అవ్వ వాళ్ల నిలువెత్తు దండ కట్టి దేవుడి పటానికి వేస్తుంది. ఒక ఏడు ఆ దండను పటానికి వేసే ముందు, సరదాకి నా మేనకోడలి చాచిన చేతుల మీద పరిచింది. దండ చాలలేదు. రెండు వైపులా వేళ్లు బయటికి వచ్చాయి. "చూసిన్రా, అచ్చం నా చెయ్యే వచ్చింది!" అని వాడకట్టంతా పిలిచి చూపించి, వచ్చినవాళ్ల నోట్లో చక్కెర పోసింది. నేనూ చప్పట్లు కొట్టాను.

అన్న అప్పటికే లేడు. బీర్కూర్ దిక్కు ఒక చేనులో ట్రాక్టర్‌కు చెరుకు ఎక్కిస్తూ ఛాతీ పట్టుకుని కూలిపోయాడు. ఎండదెబ్బ అన్నారు కొందరు, దిష్టి అన్నారు ఇంకొందరు. వదిన బీడీలు చుడుతూ ఇల్లు నెట్టుకొస్తుంటే, పిల్ల అవ్వ పక్కనే పెరిగింది.

బడిలో ఆ పిల్ల వాలీబాల్ ఆడేది. నెట్ దగ్గర తను చెయ్యి ఎత్తితే అవతలి జట్టు పని అయిపోయినట్టే. కానీ బోర్డు మీద రాతలు కనబడడం లేదని మొదలుపెట్టింది. అద్దాల కోసం తీసుకుపోతే, కంట్లో కటకం పక్కకు జారిందని చెప్పి హైదరాబాద్ దవాఖానకు పంపారు. అక్కడ కంటి డాక్టర్లు గుండె కూడా చూపించమన్నారు. గుండె డాక్టరమ్మ మొట్టమొదట పిల్లను చేతులు చాచమంది. టేపు తీసి కొలిచింది, తర్వాత ఎత్తు కొలిచింది. చాచిన చేతుల కొలత ఎత్తును మించింది. నాకు చక్కెర పంచిన రోజు గుర్తొచ్చింది.

"వాళ్ల నాన్న లేరన్నారు కదా, ఎలా పోయారు?" అని అడిగింది. చెప్పాను. ఆమె అది రాసుకుని కింద గీత గీసింది.

తర్వాత ఓపికగా వివరించింది. ఒంట్లో కణాల మధ్య చోటు ఖాళీగా ఉండదట. అక్కడ ఫైబ్రిలిన్ అనే ప్రొటీన్ సన్నని పోగులుగా అల్లుకుని ఉంటుందట. కంట్లో కటకాన్ని కదలకుండా పట్టుకునేది అదే, గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళానికి బిగువునిచ్చేదీ అదే. దాన్ని ఎలా తయారుచేయాలో చెప్పే జన్యువు పదిహేనో క్రోమోజోమ్ మీద ఉంటుంది. అమ్మ వైపుదో నాన్న వైపుదో ఒక్క ప్రతిలో తప్పు పడినా చాలు, పోగు పలచనవుతుంది, ఎముకలు హద్దు మీరి పొడుగు సాగుతాయి, ఆ రక్తనాళం ఉబ్బి ఒకనాడు చిట్లవచ్చు, మా అన్నకు అలాగే జరిగి ఉంటుందంది. అది బిడ్డకు రావడమూ రాకపోవడమూ బొమ్మా బొరుసూ లాంటిదే. పూలమ్మే ఇంట్లో పుట్టినదాన్ని, నాకు వెంటనే అర్థమైంది. పూలు ఎంత తాజావైనా దండ నిలిచేది దారం మీదే.

పిల్ల రక్తనాళం గుండె దగ్గర మొదలయ్యే చోట కొంచెం ఉబ్బిందని పరీక్షలో తేలింది. రోజూ మాత్ర వేసుకోవాలి, వాలీబాల్ మానాలి, ఏటేటా చూపించుకోవాలి, ఉబ్బు పెరిగితే ఆపరేషన్ చేయాలి. "ముందే తెలిసింది, అదే మన అదృష్టం" అంది డాక్టరమ్మ. వాళ్ల నాన్నకు ఆ అదృష్టం లేకపోయిందని నాకు ఏడుపొచ్చింది.

అవ్వనూ పరీక్ష చేయించమంది. "నాకేమైంది? గుండ్రాయి లెక్క ఉన్న" అని అవ్వ మొరాయించింది. నేను కోప్పడి, బతిమాలి తీసుకుపోయాను. ఆమెకూ అదే తప్పు ఉందని తేలింది, మాత్రలు రాశారు. తిరుగు బస్సులో అవ్వ "అంటే నా కొడుకును నేనే సంపుకున్ననా?" అంది. "గట్లనకవ్వా, ఇది ఎవరి చేతుల్ల లేనిది" అన్నాను. చేతుల్లో అనే మాట ఎందుకన్నానా అని మరుక్షణమే నాలుక కరుచుకున్నాను.

ఆ తర్వాత బస్టాండ్ నుంచి ఫిర్యాదులు మొదలయ్యాయి. "మీ అవ్వకు ఆశ పుట్టింది, మూర తగ్గించింది" అని నేను పనిచేసే ఆఫీసులో ఒకామె నా మొహం మీదే అనేసింది. నమ్మలేక, ఆ సాయంత్రం నేరుగా అక్కడికే పోయాను. ఆట మానేసిన పిల్ల గంప పక్కన కూర్చుని మల్లెలు కడుతోంది.

"ఏందవ్వా, మూర గింత చిన్నగైంది?" అని ఒకామె దబాయిస్తోంది. అవ్వ చెయ్యి చూశాను. వేళ్లు లోపలికి ముడిచి, పిడికిలి దాకానే కొలుస్తోంది. ఎన్నేళ్లుగానో గొప్పగా చాచిన వేళ్లను మా అవ్వ దాచుకుంటోంది.

నాకంటే ముందు పిల్లే చూసినట్టుంది. దారం కింద పెట్టి, నాయినమ్మ పిడికిలి పట్టుకుని ఒక్కొక్క వేలూ విప్పింది.

"చెయ్యి మంచిగనే ఉన్నది నాయినమ్మా. దారమే జర పలచన. దానికి నేను గోళీ ఏసుకుంటున్న, నువ్వు ఏసుకుంటున్నవ్. బాపు మనకు తెల్వక పోయిండు గని, నీ చెయ్యి వల్ల కాదు."

అవ్వ కొంగుతో మొహం తుడుచుకుని దండ అందుకుంది. కొలిచేటప్పుడు వేళ్లు మళ్లీ ముడుచుకోబోతుంటే, పిల్ల తన చెయ్యిని కింద ఆసరాగా పెట్టింది. మోచేతికి మోచెయ్యి ఆనింది. ఇద్దరి నడివేళ్లూ ఒక్కచోటే ఆగాయి. అవ్వ మూరను అక్కడే తెంపి ఇచ్చింది.