టార్చి పట్టుకొస్తేనే రేడియో

2024 వానాకాలం. సత్తెనపల్లి బస్టాండు దగ్గర నాకు రేడియోలు, ఫ్యాన్లు, ఫోన్లు అమ్మే కొట్టుంది, రిపేర్లు కూడా చేస్తా. ఈ రోజుల్లో రేడియో ఎవడు కొంటాడని నవ్వేవాళ్ళున్నారు. నవ్వుకోనీ, నాకేం.

అచ్చంపేట అవతల, కృష్ణ ఒడ్డునున్న ఊరి నుంచి మరియమ్మ పిన్ని వచ్చింది. చుట్టరికమేం లేదు, ఆ ఈడు ఆడవాళ్ళని మేం అట్టాగే పిలుస్తాం. రంగు లైట్లు వెలిగే స్పీకరొకటి చేతిలోకి తీసుకుని, "ఇందులో రేడియో కూడా వచ్చిద్దంటగా, ఇది ఇచ్చెయ్యి" అంది.

"దేనికి పిన్నీ?"

"మీ బాబాయికి పక్షవాతం. పోయిన వరదకి కరెంటు పోయింది, ఫోన్లు పోయినయ్. నీళ్ళు వాకిట్లోకి వచ్చిందాకా మాకు తెలియలా. మోకాల్లోతు నీళ్ళల్లో ఆయన్ని మంచంతోటి మోసుకుపోయారు. చానా భయపడ్డాడయ్యా. ఈసారి ముందే తెలియాల."

స్పీకరు తీసుకుని మళ్ళీ పైన పెట్టేశా. అది చార్జింగుది, కరెంటు పోయాక ఎంతోసేపు పలకదు. పైగా వట్టి ఎఫ్ఎం, దగ్గర స్టేషన్లే పడతాయి. వరదప్పుడు మీడియం వేవ్ ఉండాలి, అంటే దూరం స్టేషన్లు కూడా పట్టే బ్యాండు.

"మీ ఇంట్లో టార్చి ఏ సెల్లుది?" అనడిగా.

పిన్నికి ఒళ్ళు మండింది. "రేడియో అడిగితే టార్చి సంగతేందయ్యా? అసలు నీకు అమ్మే ఉద్దేశం ఉందా?"

"టార్చి చూడందే అమ్మను. పట్టుకురా."

మా నాన్న కాలం నుంచీ మా కొట్టు పద్ధతి ఇది. రాత్రిళ్ళు చేనికి నీళ్ళు పెట్టే ఇళ్ళల్లో టార్చి సెల్లకి కొదవుండదు. రేడియోకి కూడా అవే సరిపోవాలి. ఆపద వచ్చినప్పుడు సెల్ల కోసం ఎక్కడని తిరుగుతారు?

మర్నాడు సణుక్కుంటూనే వచ్చి టార్చి బల్లమీద ఠప్పున పెట్టింది. లావు సెల్లది. అవే సెల్లు పట్టే మీడియం వేవ్ సెట్టు తీసి పాట వినిపించా.

"వాడనప్పుడు సెల్లు తీసి పక్కన పెట్టు, లోపలే ఉంటే కారిపోతయ్. రేకుల కింద సరిగా పట్టదు. వాకిట్లోకి తెచ్చి, డబ్బాని మెల్లగా తిప్పుతా విను."

తర్వాత వరద రానే వచ్చింది. కరెంటు లేదు, ఫోన్లు మూగబోయినయ్. ఆ ఊరికి ఏమైందోనని నాకు కొట్లో కాలు నిలవలేదు.

దారులు తెరుచుకున్నాక పిన్ని వచ్చింది. పైన డ్యాం గేట్లు ఇంకా ఎత్తుతున్నారని రేడియోలో విని, పగటిపూటే బాబాయిని ట్రాక్టరెక్కించి క్రోసూరులో చెల్లెలింటికి చేర్చిందట. ఇరుగుపొరుగు వాళ్ళనీ కేకేసి కదిలించిందట.

"మీ బాబాయి కాలన్నా తడవలేదయ్యా" అంది.

పెద్ద పెద్ద టీవీలు అమ్మా. ఏదీ నాకింత గర్వం ఇవ్వలేదు, పైకే చెప్తున్నా. రేడియో ఎంచేముందు అది ఏ ఇంటికి పోతుందో కనుక్కోవాలన్న మా నాన్న మాట ఆరోజు నాకు పూర్తిగా ఒంటబట్టింది.

మొన్న ఆ ఊరి ఆడవాళ్ళు నలుగురు బస్సు దిగి కొట్లోకొచ్చారు. ఏం కావాలని అడగబోయా. ఈలోపే సంచుల్లోంచి టార్చీలు తీసి బల్లమీద వరసగా పెట్టారు.