ఎండాకాలంలో లెక్కపెట్టిన కుంట

ఏ చెరువులో ఎన్ని రకాల మొక్కలుంటాయో చూడకుండానే చెప్పే పని కొన్నేళ్లు చేశాను. శింగనమల చుట్టుపక్కల కొన్ని చెరువుల్లో దిగి, తాడుతో చదరాలు వేసి, వాటిలోని మొక్కలు లెక్కపెట్టేవాళ్లం. చెరువు విస్తీర్ణం, లోతు, నీళ్లు నిలిచే కాలం చూసి, మిగిలిన చెరువులకూ కుంటలకూ అంచనా కట్టేవాళ్లం. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలునని గొప్పగా చెప్పేవాణ్ణి.

కంబదూరు వైపు ఒక చిన్న కుంటకు అంచనా మరీ తక్కువ వచ్చింది. సరిచూద్దామని మే నెలలో వెళ్లాను. అడుగంతా నెర్రెలు విచ్చి ఉంది. నాలుగు తుంగ పోచలు, కాస్త గరిక, అంతే. అక్కడ మేకలు కాస్తున్న ఒక ముసలామె నా తాడు చూసి నవ్వింది.

"ఏమప్పా, ఈ ఎండలో ఏం కొలుస్తాండావు? ఇప్పుడేముంటాది ఈడ? వాన పడినాక రా. పొన్నగంటాకు, గుంటగలగరాకు, నాకే పేర్లు తెలీనివి ఎన్నో. వానాకాలమంతా మా ఇంట్లో కూర ఈ కుంటదే."

"వస్తాలే అవ్వా" అన్నాను.

పోలేదు. నివేదికకు గడువు దగ్గరపడిందని అందరికీ చెప్పాను గానీ, అసలు కారణం అది కాదు. నా లెక్కా నా కళ్లూ ఒకటే చెబుతుంటే, మేకలు కాసే అవ్వ మాట పట్టుకుని అంత దూరం మళ్లీ పోవడమేమిటనుకున్నాను. ఆ పొగరుకు ఇప్పుడు సిగ్గేస్తుంది. వాన కోసం మట్టిలో కాచుకుని ఉండే విత్తనాల సంగతి నాకు తెలియనిది కాదు. పొయ్యి వెలిగించకముందే మెతుకు పట్టి చూసి, "మొక్కల వైవిధ్యం అత్యల్పం" అని రాసిచ్చాను.

ఏ కుంటల్లో పూడిక తీస్తే నష్టం లేదో అధికారులు ఎంచేటప్పుడు ఆ మాటే పనికొచ్చింది. యంత్రాలతో లోతుగా తవ్వి, పైమట్టంతా ట్రాక్టర్లలో పొలాలకు తోలేశారు. విత్తనాలూ దాంతోపాటే పోయాయి.

మరుసటి ఏడు మంచి వానలు పడ్డాక వెళ్లాను. నిలువు గోడల గుంతలో ఎర్రటి నీళ్లు. అంచున పచ్చని పోచ లేదు. అవ్వ నన్ను గుర్తుపట్టింది.

"నీళ్లయితే నిండినాయప్పా, ఆకు మాత్రం ఒగటీ మొలవల్యా. ఈడ ఏమీ లేదని ఎవురో సదువుకున్నోడు రాసిచ్చినాడంట. వానికేం తెలుసు! నువ్వు ఈ కుంట కొలిచినోడివి కదా, ఈడ ఆకు ఉండేదని నువ్వన్నా ఒగ కాగితం రాయి నాయనా."

ఆ చదువుకున్నవాణ్ణి నేనేనని చెప్పలేదు. రాస్తానని చెప్పి బస్సెక్కాను. ఇంటికొచ్చి కాగితం ముందు కూర్చున్నాను కూడా. అక్కడ ఏమేం మొలిచేవో ఒక్కసారైనా చూసి ఉంటే కదా రాయడానికి!