నాలుగో వార్డు అనే మందు

మా ఇన్‌స్టలేషన్ సారు సోమవారం ఉదయం గుండెపోటుతో కన్నుమూశారనీ, ఆయన విధులు తక్షణం నాకు అప్పగించడమైనదనీ ఆఫీసు ఒకే కాగితంలో తెలియజేసింది. మొదటి విషయానికి ఒక పంక్తి, రెండో దానికి ఆరు. ముట్టినట్లు సంతకం చేశాను. ఆ మొదటి పంక్తి మాత్రం ఇంకా నమ్మశక్యంగా లేదు.

మాదాపూర్‌లో మేము ఆసుపత్రులకు ప్రోగ్రాములు రాసి, కంపైల్ చేసి, అంటే మిషను భాషలోకి బిగించి, ఫ్లాపీల్లో పంపుతాం. కంపైల్ అయ్యాక ప్రోగ్రాము ఎవరి మాటా వినదు. అక్కడి కంప్యూటర్లోని పట్టికలో ఎన్ని గడులుంటాయని దానికి చెప్పామో, అన్నే ఉండాలి. అందుకే సారు దగ్గర పొడుగాటి నోటుపుస్తకం ఉండేది. ఒక్కో ఆసుపత్రికి ఒక్కో పేజీ. స్కేలుతో గీసిన గడులు. అక్కడికి వెళ్లి, చెప్పులు విడిచి, మిషను ముందు కూర్చుని, ఒక్కో గడి మీద వేలు పెట్టి సరిచూశాకే ఫ్లాపీ తీసేవారు.

"పూజ ఎప్పుడు ముగుస్తుంది సార్?" అని ఒకసారి నవ్వాను.

"ఒకరింటికి పోతే లోపల ఎవరెవరున్నరో అడగాలె గద తమ్మీ," అన్నారు.

నేను అడగలేదు. కూకట్‌పల్లి నర్సింగ్ హోమ్ పట్టికలో రక్తం గ్రూపు కోసం మధ్యలో ఒక గడి చేర్చాను. చేర్చింది నా మిషన్‌లో. సారుకు చెప్పకుండా ఫ్లాపీ పంపేశాను. అక్కడ ఆ గడి లేదు కనుక, దాని తర్వాతివన్నీ ఒక్కో స్థానం జరిగాయి. రిసెప్షన్ అమ్మాయి ఫోన్ చేసింది: "ఏమండీ, ఈ పేషెంటుకు పడని మందు నాలుగో వార్డు అని వస్తోందండి!"

మేము నవ్వాం. సారు నవ్వలేదు. నన్ను స్కూటర్ ఎక్కించుకుని వెళ్లి, ప్రోగ్రాము ఆపించి, కాగితాలు చూసే మందులివ్వమని నర్సులను బతిమాలారు. అదృష్టవశాత్తూ ఎవరికీ ఏమీ కాలేదు. డాక్టరుగారు కేకలేస్తుంటే, "తప్పు నాది సార్. చూడకుండ పంపిన," అన్నారు. పక్కనే ఉన్న నేను గోడ గడియారాన్ని పరిశీలించాను.

తిరుగుదారిలో ఎందుకలా చెప్పారని అడిగాను.

"తిట్టుడు అయిపోయింది. ఇగ పని జెయ్యి."

తప్పు నాదని ఇందుమూలంగా అందరికీ తెలియజేస్తున్నాను. వినవలసిన ఆ ఒక్కరే లేరు.

ఆ గొడవ జరిగిన వారమే ఆయన పట్టికలో ఒక అంకె, ప్రోగ్రాములో అదే అంకె పెట్టారు; గడులు మారినప్పుడల్లా అంకె మారాలి. రెండూ కలవకపోతే ప్రోగ్రాము ఆగిపోయి, తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో ఆయన తెలుగు మాట చూపిస్తుంది: "జర ఆగుండ్రి. ఏం ముట్టకుండ్రి. నేనొస్తున్న." ఇది పద్ధతి కాదని మేనేజరు అన్నారు.

"ఎర్రర్ నంబర్ చూస్తే మనిషి పరేషాన్ అయితడు సార్. ఎవరో వస్తున్నరంటే నిమ్మలంగ కూసుంటడు."

మొన్న గురువారం కూకట్‌పల్లి రిసెప్షన్ అమ్మాయి నుంచి మళ్లీ ఫోన్. మేము వెళ్లి పట్టికలో కొత్త గడి చేర్చేలోపే, మేము పంపిన కొత్త ఫ్లాపీ వాళ్లే వేసుకున్నారు. "ఆగిపోయిందండి. సారు వస్తున్నట్టు చూపిస్తోందండి. టీ పెట్టించనా?"

ఫోన్‌లో చెప్పలేకపోయాను. నోటుపుస్తకం పట్టుకుని వెళ్లాను. మిషను ముందు కుర్చీ వేసి, టీ మీద సాసరు మూసి ఉంచింది. నన్ను చూసి, నా వెనక తలుపు వైపు చూసింది. అప్పుడు చెప్పాను.

చెప్పులు విడిచి కూర్చున్నాను. గడి చేర్చి అంకె మార్చడానికి పది నిమిషాలు చాలు. ఆ సందేశాన్ని తొలగించాలని కూడా ఉత్తర్వు అందింది. అమలులో జాప్యం జరుగుతోంది. టీ చల్లారిపోయింది. తెర మీద ఆయన వస్తూనే ఉన్నారు.