బర్రెకు తెలియని వంతులు

అత్తగారింట్ల ఉన్నప్పుడు ఎటన్న పోవాలంటే ఒక్క మా అత్తను అడిగితె సరిపోయేది. ములుగు అవతల అందరం కలిసి బతుకుదామని పోయినంక మాత్రం ఎంతమంది ఉంటే అంతమందిని అడగాల్సి వచ్చింది.

ఎనభయ్యో సంవత్సరం ఇంకా రాలేదు. హన్మకొండల కాలేజీ సారు ఒకాయన నౌకరి ఇడిసిపెట్టి, అడివి అంచుకు కొంత భూమి కొన్నడు. మందులు, సంచుల ఎరువులు లేకుంట ఎవుసం చేద్దాం, ఉన్నది అందరం పంచుకొని తిందాం అన్నడు. మా ఆయన ఆ భూమిల బాయి తవ్వెతందుకు పోయిండు. బాయిల నీళ్లు పడ్డయి గని మనిషి ఇంటికి రాలేదు. "నువ్వే రా, ఇక్కడ మంచిగున్నది" అని కబురు పంపిండు. నేను బిడ్డను చంకనేసుకొని, మా బర్రెను తోలుకొని పోయిన.

నిజంగనే మంచిగుండె. అన్ని కుటుంబాలకు కలిపి ఒక్కటే వంటకొట్టం. పెండతోటి గోబర్ గ్యాస్, పొయ్యిల నీలం మంట. గిన్నెలు తోమిన నీళ్లు అరటి చెట్లకు. ఏ పనైనా వంతులే. ఇయ్యాల వంట చేసినోళ్లు రేపు కలుపు తీయాలె, సారు గూడ పెండ ఎత్తుడే. పొద్దుగూకినంక అందరం చాప మీద కూసునేది. ఏ ముచ్చటైనా అక్కడనే తేలాలె. ఒక్కరు వద్దన్నా ఆ పని ఆగుడే.

నా బర్రె ఒక్కటే వంతులకు లొంగలేదు. నా చెయ్యి గాకుంట ఇంకో చెయ్యి తాకితె చేపేది కాదు. పాలు పైకి గుంజుకొని, తోకతోటి మొఖం మీద కొట్టేది. ఉన్న పాడి అదొక్కటే. పిల్లలందరి పాలు దాని పొదుగులనే ఉండె.

గట్ల ఉండంగ స్టేషన్ ఘన్‌పూర్ నుంచి మా చెల్లె పెనిమిటి బస్సు కండక్టరుతోటి కబురు పంపిండు. చెల్లెకు నెలలు నిండినయి, కాళ్లు వాచినయి, దవాఖానోళ్లు పైలం అన్నరు, వదినను జల్ది రమ్మను అని. మాకు అమ్మ లేదు. దానికి తొలి కాన్పు. నేను పోకుంటె నొప్పులప్పుడు దాని చెయ్యి పట్టుకునేటోళ్లు లేరు.

చాప మీద చెప్పిన. అందరు "పో, పో" అన్నరు. ముసలవ్వ ఒక్కతే తల అడ్డం ఊపింది. ఆమె కోడలుకు పాలు పడలేదు, మనుమడు నా బర్రె పాల మీదనే ఉన్నడు.

"నువ్వు పో బిడ్డా, నేనద్దంటనా? పాలు ఎవరు పిండుతరో చెప్పి పో."

"ఎవరో ఒకరు పిండుతరు గదవ్వా."

"ఎవరో ఒకరు పిండేటట్టుంటె నిన్నెందుకు ఆపుత?"

సారు గొంతు సవరించుకొని, "అవ్వ మాట గూడ ఇనాలె. రేపు మళ్ల మాట్లాడుదాం" అన్నడు. మా ఆయన దిక్కు చూసిన. చాప పుల్లలు పీక్కుంట కూసున్నడు.

తెల్లారినంక నా పాణం ఒక్క కాడ నిలువలేదు. కలుపు తీయబోయి మొలకలు పీకిన. బస్సు హారన్ ఇనపడితె చేతిల గిన్నె ఇడిసి రోడ్డుకు ఉరికిన. ఒకరెనుక ఒకరు బర్రె కాడికి పోవుడు, తన్నులు తిని వచ్చుడు. మాపటికి చాప మీద మళ్ల అదే ముచ్చట. "తోడబుట్టినదాని కాడికి పోనీకి ఇంతమందిని బతిమాలాల్నా?" అని ఒకపారి లేచి నిలవడ్డ. పక్కన అవ్వ మనుమడు ఏడుస్తుండె. మళ్ల కూసున్న.

వంటకొట్టంల నా జోడి, నేను వదినా అని పిలిచే ఆమె, అప్పుడు అన్నది: "నీ చీర కట్టుకొని కూసుంటె? మా తల్లిగారి ఊర్లె గట్లనే చేస్తరు. బర్రెకు వాసనతోనే మనిషి తెలుస్తది."

"మంచిదే. కట్టేదెవరు?"

"పాలు పిండే వంతు ఎవరిది?"

వంతు సారుది.

అందరు పడి పడి నవ్విన్రు. సారు నవ్వలేదు. "పనికి ఆడ, మగ ఉంటదా? తెండ్రి" అన్నడు. నేను పొద్దంత కట్టుకున్న కాశిబుగ్గ నేతచీరను పెండ మరకలతోనే ఇప్పి ఇచ్చిన. పంట్లాము మీదనే చుట్టుకున్నడు. గడ్డం కనపడకుంట కొంగు కప్పుకున్నడు.

"ఓ కొత్తకోడలా, జర కుచ్చిళ్లు ఎత్తుకో, పెండల పడతవ్!" అన్నది అవ్వ.

"సప్పుడు చెయ్యకవ్వా, బర్రె ఇంటది" అన్నడు సారు కొంగు సాటుకెళ్లి.

బర్రె చీర వాసన చూసింది. చెవులు ఆడిచ్చింది. తన్నలేదు. జరసేపటికి చెంబుల సర్రుమని పాలు పడ్డ సప్పుడు. నేను గోడకు ఆనుకున్న. అవ్వ చెంబులకు తొంగిచూసి, "సగమే ఇచ్చింది" అన్నది. చెంబు చేతిలకు తీసుకొని, "సగం సాలు. పో బిడ్డా" అన్నది.

తెల్లారి బిడ్డను మా ఆయన కాడ ఇడిసి మొదటి బస్సెక్కిన. వరంగల్ల దిగి రైలుకు ఉరికిన. ఘన్‌పూర్ల చెల్లె వాకిట్లకు పోతనే పసిపిల్ల ఏడుపు ఇనపడ్డది. నిన్ననే పుట్టిందట. తల్లీ పిల్లా బాగనే ఉన్నరు. చెల్లె చెయ్యి పక్కింటామె పట్టుకున్నదట.

బర్రె ముచ్చట కండక్టరు నోట ముందే ఇన్నట్టున్నది, చెల్లె గోడ దిక్కు తిరిగి పండుకొని, "నీ బర్రెకు పురుసతు దొరికిందా?" అన్నది.

చాప మీది ముచ్చట చెప్పబోయిన. "నాకెందుకు చెప్తవు" అన్నది. వేడినీళ్లు పెట్టిన, పిల్లకు నూనె రాసిన, చెల్లె నడుముకు కాపడం పెట్టిన. అది ఇటు తిరగలేదు. పొద్దు వాలిందంటె నా పాణం అటు గుంజేది. సారు చీర సరిగ్గ కట్టుకున్నడో లేదో, పిల్లలకు పాలు అందినయో లేదో అని ఇంట్లకు, వాకిట్లకు తిరుగుతుంటి. అది కండ్లు మూసుకొనే, "పోవాలని ఉంటె పో" అన్నది.

అప్పుడు లేచిన. బస్సుల కాడికి పోయి, ములుగు దిక్కు పోయే మనిషిని పట్టుకొని చెప్పిన: "నా చెల్లె లేచి తిరిగేదాంక నేను రాను. ఇది అడుగుడు కాదు, చెప్పుడు." ఇంటికి వచ్చినంక అదే ఆలోచన. మా ఆయన ఏమంటడో, అవ్వ ఏమంటదో.

కొన్ని దినాలకు ఆ నోట ఈ నోట పడి జవాబు వచ్చింది. చెల్లె పెనిమిటి వాకిట్ల నిలవడి చెప్పిండు. "వదినా, అక్కడ అందరు చాప మీద కూసున్నరట. నువ్వు ఇక్కడ ఉండెతందుకు అందరు ఒప్పుకున్నరట."

"నేను అడగనే లేదు గదా!" అన్న.

చెల్లె కడుపు పట్టుకొని నవ్వింది. నవ్వి నవ్వి ఇటు తిరిగింది. "ఇగ నువ్వు వాళ్లను తప్పిచ్చుకోలేవక్కా" అన్నది.

నేను గూడ నవ్విన. నవ్విన గని, ఆ మాపు పొద్దు వాలంగనే మళ్ల వాకిట్లకు పోయి నిలవడ్డ.