డాక్టరు చెప్పిన రెండో మాట

మా ప్రేమజ్యోతి తన కూతురికి ఏనాడూ చేత్తో అన్నం ముద్ద పెట్టలేదు. ప్రేమ లేక కాదు, తన చేతులంటే తనకే భయం. ఆ భయం పెట్టిన మహానుభావుడు కట్టుకున్నవాడే.

అమెరికాలో పార్సిప్పనీ అనే ఊళ్ళో ఒకే బిల్డింగ్‌లో ఉండేవాళ్ళం, వాళ్ళు పైన, మేము కింద. భర్త దేవకుమార్ ఇంజినీరు. పెళ్ళికి ముందు ఇక్కడ కొన్నేళ్ళు ఒంటరిగా ఉన్నాడు. మా తెలుగు క్రైస్తవ సంఘంలో ఆయన ప్రార్థన మొదలుపెడితే కూర చల్లారిపోవాల్సిందే. నరసాపురం నుంచి వచ్చిన జ్యోతికి అప్పట్లో ఇంగ్లీషు ముక్క రాదు.

డెబ్బై తొమ్మిదిలో లూసీ పుట్టింది. రెండో వారంలో పిల్లకి కళ్ళు ఎర్రబడి, రెప్పలు వాచి, చీముతో అతుక్కుపోయాయి. డాక్టరు చాలాసేపు మాట్లాడాడట. ఒళ్ళో బిడ్డతో ఈమె మొగుడి మొహంకేసి చూస్తూ కూర్చుంది. అంతా విని దేవకుమార్ ఒక్క మాట చెప్పాడు.

"నీ నుంచే వచ్చిందట."

"నా చేతుల నుంచా?" అని అడిగింది పిచ్చిది.

"ఊఁ," అన్నాడు.

పిల్లకి సిరప్, ఈమెకి మాత్రలు ఇచ్చారు. కళ్ళు బాగయ్యాయి. అంతటితో ఊరుకున్నాడా? ఆదివారం సంఘంలో లేచి, తల్లి అశుభ్రత వల్ల బిడ్డ చూపు పోబోయిందనీ, దేవుడు కాపాడాడనీ, తన భార్యకు బుద్ధి కలిగేలా ప్రార్థించమనీ విన్నపం పెట్టాడు. మేమంతా కళ్ళు మూసుకుని ఆమెన్ అన్నాం. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందన్నట్టు, జ్యోతిని కుంగదీసింది ఆ ఆమెనే. ఆ తర్వాత మా ఆడవాళ్ళెవరూ చంటిపిల్లల్ని ఆమె చేతికివ్వలేదు.

లూసీ తువాళ్ళు వేరు, దిండు వేరు. ముద్దు పెట్టుకోవాలంటే తల వెనక జుట్టు మీదే పెట్టేది. అన్నం చెంచాతోనే తినిపించేది. స్కూలు క్యాంటీన్‌లో పనికి చేరింది, అక్కడ చేతులకి గ్లవ్స్ ఇస్తారని! ఇంగ్లీషు అక్కడే నేర్చుకుంది. రెండో బిడ్డ కలగలేదు. మంచిదేలే అక్కా, దాని కళ్ళు కూడా పోగొట్టేదాన్ని అనేది నాతో.

ఎనభై ఎనిమిదిలో మా సంఘంలోకి శాంతి అని కొత్తగా వచ్చిన అమ్మాయికి బాబు పుట్టాడు. వాడికీ కళ్ళకలక వచ్చింది. ఒకావిడ చనుబాలు పిండమంది, ఇంకొకావిడ ఎలర్జీ అంది. లూసీ పుట్టినప్పటి నుంచి పసిపిల్లల కళ్ళ గురించి ఎవరేం చెప్పినా చెవిన వేసుకునే జ్యోతి మాత్రం దూరంగా నిలబడే చెప్పింది. పుట్టిన రోజున ఎర్రబడితే ఆస్పత్రిలో వేసిన చుక్కల వల్ల, అది దానంతట అదే పోతుంది. ఎరుపు లేకుండా నీళ్ళు కారి పుసి కడుతుంటే కన్నీటి గొట్టం మూసుకుపోయినట్టు. ఇలా రెండో వారంలో వాచి చీము పడితే ఇంటి వైద్యం పనికిరాదు, పదండి అంది. శాంతి భర్త వేరే ఊళ్ళో పనిలో ఉన్నాడు. నేను డ్రైవ్ చేశాను, డాక్టరు మాటలు తెలుగులో చెప్పడానికి జ్యోతి వచ్చింది.

డాక్టరమ్మ బాబు రెప్ప తిప్పి చూసి, పరీక్షకి పంపాలి గానీ తన అనుమానం ఒకటుందనీ, ఇది కాన్పులో తల్లి నుంచి వస్తుందనీ అంది. జ్యోతి తల దించుకుంది. ఆవిడ ఇంకా ఆపలేదు. తల్లికి ఇది భర్త నుంచి వస్తుంది, సుఖవ్యాధి, చేతుల శుభ్రతకీ దీనికీ సంబంధం లేదు, కంట్లో చుక్కలు చాలవు, బిడ్డకి సిరప్ పట్టాలి, భార్యాభర్తలిద్దరూ మాత్రలు మింగాలి అంది.

భర్త నుంచి అన్న ఆ మాట జ్యోతి ఆవిడ చేత మళ్ళీ చెప్పించుకుంది. తర్వాత శాంతికి ఒక్క ముక్క మిగల్చకుండా తెలుగులో చెప్పింది. కారులో తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంది. అడుసు తొక్కినవాడు ఒకడు, ఇన్నేళ్ళూ కాళ్ళు కడుక్కున్నది ఇది!

ఇంటికెళ్ళి మొగుణ్ణి అడిగిందట. బిడ్డ బాగైందిగా, రెండో మాట కూడా చెబితే నువ్వు నాతో కాపురం చేసేదానివా అన్నాడట. మరి నువ్వు మాత్రలు మింగావా అంటే టీవీ పెట్టుకున్నాడట.

ఆ ఆదివారం సాక్ష్యాలు చెప్పే వేళ జ్యోతి లేచింది.

"లూసీ పుట్టినప్పుడు డాక్టరు రెండు మాటలు చెప్పాడు. ఈయన మీకు ఒకటే చెప్పారు. రెండోది నేను చెబుతాను. ఆ జబ్బు నాకు ఈయన నుంచి వచ్చింది. నా చేతుల్లో ఏ దోషం లేదు."

పాస్టరుగారు గబగబా పాట ఎత్తుకున్నారు. అందరూ గొంతు కలిపారు. పాడనిది నేనూ, శాంతీ.

భోజనాల దగ్గర ఆమె తెచ్చిన పులిహోర ఎవరూ ముట్టలేదు. దేవకుమార్ పళ్ళెంలో మాత్రం నలుగురు కొసరి కొసరి వడ్డించారు. తూ, అనుకున్నాను.

జ్యోతి చేతులు కడుక్కొచ్చి లూసీ పక్కన కూర్చుంది. పులిహోర కలిపి ముద్ద చేసి పిల్ల నోటి దగ్గర పెట్టింది. ఆ పిల్ల తల వెనక్కి తీసుకుంది.

"ఛీ, చేత్తోనా మమ్మీ? స్పూన్ ఏది?"