అంచు మీద వేలు

ఆ వీధి మెకానిక్కులంతా ఆయన్ని థర్మామీటర్ అనేవాళ్లు. మొహం మీద అన్నా కోపం తెచ్చుకునేవాడు కాదు, పైగా లోలోపల మురిసిపోయేవాడు. పేరు పెట్టినవాడు వెటకారానికే పెట్టాడు గానీ అందులో అబద్ధం లేదు. కారు రేకు మీద చెయ్యి ఆనించి, ఇంకా కాలాలనో, ఇక చాలనో చెప్పగలవాడు ఆ చుట్టుపక్కల ఆయనొక్కడే.

ఆయన పనేమిటంటే, షోకు కోసం కొందరు కారుకు కంపెనీ ఇచ్చిన చక్రాలు పీకించి వెడల్పాటివి వేయించుకుంటారు. చూడ్డానికి బాగానే ఉంటుంది. తీరా బండి గుంతలో పడ్డప్పుడు టైరు పైకి లేచి, చక్రాన్ని కప్పే రేకు, అదే ఫెండరు, లోపలి అంచుకు రాసుకుంటుంది. ఆ అంచు వేలి వెడల్పున లోపలికి మడిచి ఉంటుంది. దాన్ని ఇంకా పైకి మడిచి, రేకుకు అతుక్కున్నట్టు పడుకోబెట్టడమే థర్మామీటర్ విద్య. చక్రం విప్పి, అది ఉండే చోట ఒక ఇనప చెయ్యి బిగిస్తాడు. దాని కొసనున్న చిన్న రోలరును అంచుకు ఆనించి, ఓపిగ్గా అటూ ఇటూ ఊపుతాడు. మధ్యమధ్య హీట్ గన్‌తో కాపడం పెడతాడు. వేడి తగ్గితే రంగు పెచ్చులూడుతుంది, మించితే పొక్కుతుంది. తొందరపడితే రేకు చీలి కత్తిలాంటి కొస లేస్తుంది. అందుకే ఆఖర్న లోపలికి వేలు పోనిచ్చి అంచంతా తడిమి చూస్తాడు. అద్దం పెట్టి చూడొచ్చు కదా అంటే, అలా చూడ్డం ఆయనకు నామోషీ. పాతికేళ్ల పనివాడికి అద్దమెందుకు?

షుగర్ జబ్బు ముందు ఆయన పాదాలను పట్టింది. చెప్పు జారిపోయినా తెలిసేది కాదు, దాన్ని నవ్వుకుంటూ చెప్పుకునేవాడు. తర్వాత అది చేతులకు పాకింది. ఒక పొద్దున స్టౌ మీద కాగుతున్న గిన్నెను వట్టి చేత్తో దించి, నింపాదిగా గట్టు మీద పెట్టాడు. భార్య కెవ్వుమంది. ఆయన మాత్రం పొక్కిన తన వేళ్లను పరాయివాడి వేళ్లలా చూస్తూ నిలబడ్డాడు. నరాలు చచ్చాయి, తిరిగి రావు, ఉన్నవి కాపాడుకో అన్నాడు డాక్టరు.

"ఈ మాట గడప దాటకూడదు" అన్నాడు ఆయన ఇంటికొచ్చాక. ఆమె దాటనివ్వలేదు.

పని మానితే మనిషికేం మిగులుతుంది? వేడిని అంకెలతో కొలవడం నేర్చుకున్నాడు. నలభై లెక్కపెట్టి గన్ను పక్కకు జరిపేవాడు. రంగు వాసన కూడా సాయపడేది. కానీ అంచును అంకెలతో తడమలేం కదా. అయినా అలవాటుగా వేలు పోనిచ్చేవాడు, కళ్లు మూసుకునేవాడు, తల ఊపేవాడు. చూసేవాళ్లకు దండం పెట్టాలనిపించేది. అదంతా నాటకమని ఆయనకు తెలుసు. ఎనిమిది నెలలు ఏ బండికీ ఏమీ కాలేదు. అదృష్టాన్ని పనితనం అనుకోవడానికి ఆ మాత్రం కాలం చాలు.

అప్పుడు వచ్చాడు బావమరిది. తల్లి పోయాక అక్కే ఎత్తుకుని పెంచిన తమ్ముడు. ఊళ్లు తిరిగి దుకాణాలకు రెడీమేడ్ బట్టలు వేసేవాడు. కొత్తగా కొన్న కారును పెళ్లికూతుర్ని చూసుకున్నట్టు చూసుకుంటున్నాడు.

"బావా, వెడల్పు చక్రాలు వేయిస్తున్నా. రేకు పని నువ్వే చెయ్యాలి. ఇంకెవడి చేతిలోనూ పెట్టను నా బండిని."

"పెట్టి చూడు, కాళ్లు విరగ్గొడతా" అన్నాడు థర్మామీటర్ నవ్వుతూ. ఆ మాట తర్వాత ఆయన్ని ఎన్ని రోజులు కాల్చుకుతిన్నదో చెప్పలేం.

తమ్ముడు వెళ్లాక భార్య గొంతు తగ్గించింది. "వాడి బండి మాత్రం వద్దండీ. ఏదో ఒక వంక చెప్పండి."

"అంటే? నా పని మీద నమ్మకం లేదా?"

"పని మీద ఉంది. చెయ్యి మీదే లేదు."

కంచం ముందు నుంచి లేచిపోయాడు. తెల్లారి షెడ్డుకు పోయి ఆ బండినే ముందు జాకీ ఎక్కించాడు. మగవాడి రోషానికి మందు లేదు.

మూడు చక్రాల దగ్గర పని సజావుగానే సాగింది. వెనక ఎడమ వైపున, రెండు రేకులు కలిసే చోట, రోలరు కింద టిక్కుమని చిన్న చప్పుడైంది. రంగు చిట్లిందేమో అనుకుని చూశాడు. రంగు బాగానే ఉంది. వేలు పోనిచ్చాడు, కళ్లు మూసుకున్నాడు. ఏమీ తగల్లేదు. చాలాకాలంగా ఆయన వేలికి ఏదీ తగలడం లేదు.

"నున్నగా ఉంది పో!" అన్నాడు.

మామూలుగా అయితే వెనక నలుగుర్ని కూర్చోబెట్టి స్పీడు బ్రేకర్ మీదుగా నడిపి చూస్తారు. ఆ రోజు దొరికింది పక్క కొట్టు టైర్లాయన ఒక్కడే. చక్రాలు అమ్మింది కూడా ఆయనే. ఒక్కడి బరువుకు టైరు అంచు దాకా లేవలేదు. చప్పుడు రాలేదు. బావమరిది హారన్ కొట్టుకుంటూ వెళ్లిపోయాడు.

పదకొండో రోజున, డిక్కీ నిండా, వెనక సీటు నిండా బట్టల మూటలతో దిగుడు రోడ్డు మలుపులో వెనక ఎడమ టైరు పేలింది. బండి వంతెన గోడను గుద్దుకుంది. బావమరిది కుడికాలు మోకాలి కింద తీసేశారు.

టైరుదే తప్పన్నారు అందరూ. పాత సరుకు అంటగట్టాడన్నారు. "నా పిల్లల మీద ఒట్టు, కొత్తవే ఇచ్చా" అని టైర్లాయన కనపడినవాళ్లందరికీ చెప్పుకున్నాడు. వినేదెవరు? బావమరిది ఆసుపత్రి మంచం మీద నుంచే కంప్లయింటు రాయించాడు. పోలీసులు టైర్లాయన్ని మూడుసార్లు పిలిపించారు. నాలుగోసారి వెనక్కి పంపరని, లోపలేస్తారని వీధంతా అనుకుంటోంది. కొట్టు షట్టరు దించేసి ఉంది.

థర్మామీటర్ ఒక మధ్యాహ్నం బండి పడేసిన చోటుకు వెళ్లాడు. వెల్లకిలా పడుకుని, ఫోను లైటు వేసి, వెనక ఎడమ ఫెండరు లోపలికి చూశాడు. రెండు రేకులు కలిసే చోట అర వేలు పొడవున చీలిక. ఆ కొసకు నల్లటి రబ్బరు పోగులు వేలాడుతున్నాయి. చెయ్యి పెట్టి తడిమి బయటికి తీస్తే వేలి నుంచి రక్తం ధారగా కారుతోంది. ఎప్పుడు తెగిందో ఆయనకు తెలియలేదు.

చుట్టుపక్కల మనిషి లేడు. సంచిలో సుత్తి ఉంది. రెండు దెబ్బలు వేస్తే కొస పడుకుంటుంది, పోగులు దులిపేస్తే సరి. చాలాసేపు అక్కడే కూర్చున్నాడు. ఏడుపొచ్చింది, ఏడ్చాడు. సుత్తి తియ్యకుండానే లేచాడు.

ఇంట్లో భార్య ఆ వేలు కడిగి గుడ్డ కట్టింది. ఎలా తెగిందని అడగలేదు.

"టైరు తప్పు కాదు" అన్నాడు.

"ఊఁ."

"నీ తమ్ముడికి చెప్పేస్తాను. అన్యాయంగా ఇంకొకడు జైలుకు పోతున్నాడు."

"చెప్పండి. నేనూ వస్తా" అంది. తమ్ముడు మొగుణ్ణి కొడతాడనీ, తిడతాడనీ, తను అడ్డుపడాలనీ అనుకుంది పాపం.

ఆసుపత్రిలో బావమరిది దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. థర్మామీటర్ స్టూలు మీద కూర్చోకుండా నిలబడే మొత్తం చెప్పాడు. చెయ్యి సంగతి, డాక్టరు మాట, చీలిక, రబ్బరు పోగులు. మధ్యలో ఒక్క మాటా మింగలేదు.

బావమరిది తిట్టలేదు. బావ చెయ్యి దగ్గరికి లాక్కుని, చూపుడు వేలి కొసను గోరుతో గట్టిగా నొక్కాడు. బావ మొహంలోకి చూశాడు. మళ్లీ నొక్కాడు.

"తెలియట్లేదా?"

"లేదురా."

ఆ చెయ్యి వదిలేశాడు. "కంప్లయింటు వెనక్కి తీసుకుంటా. టైర్లాయన్ని ఒకసారి రమ్మను, క్షమించమని అడగాలి." తర్వాత మంచం అవతలి వైపుకు తిరిగాడు. "అక్కా, నీకు తెలుసా ఇది?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వద్దని ఆయనకు చెప్పాననీ, ఆయన వినలేదనీ అనొచ్చు. అది నిజమే. కానీ ఆ రోజు తమ్ముడు గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్నప్పుడు ఒక్క మాట వాడితో అని ఉంటే సరిపోయేది. మొగుడి పరువు పోతుందని అనలేదు.

"తెలుసురా" అంది.

"బావ చేతికి స్పర్శ పోయింది, సరే. నీకేమైందక్కా?"

ఆమె కదిలి, దుప్పటి కింద లేని కాలి చోటున చెయ్యి వెయ్యబోయింది. వాడు ఆ చేతిని పట్టుకుని, మెల్లగా పక్కకు తీసి పెట్టాడు.